వదులైన రివెట్టు: పాత అల్యూమినియం పడవ మరమ్మతు

హైదరాబాదు నగరానికి పడమటి వైపున, మాదాపురానికీ జూబిలీ హిల్సుకూ నడుమ, రాతి గుట్టల మధ్య ఒదిగి ఉన్నది దుర్గం చెరువు. గోలకొండను కుతుబ్ షాహీలు ఏలిన కాలంలో కోటకు మంచినీరు ఇక్కడినుండి వెళ్ళేదని చెబుతారు. 1998లో సైబర్ టవర్స్ భవనం వెలసి, హైటెక్ సిటీ అన్న పేరు స్థిరపడిన తరువాత చెరువు చుట్టూ అద్దాల మేడలు లేచినవి. 2020 సెప్టెంబరులో దీనిమీద తీగెల వంతెన ప్రారంభమైనది. వంతెనమీద నిలిచి క్రిందికి చూస్తే నీటిమీద పడవ చిన్న ఆకువలె కనబడుతుంది. పడవ ఎందుకు తేలుతుందో ఆర్కిమిడీసు సూత్రం చదివిన ప్రతి విద్యార్థీ చెప్పగలడు. ఐతే పాతబడిన లోహపు పడవ ఎందుకు కారుతుంది, కారితే ఏమి చేయవలె అన్న ప్రశ్నకు జవాబు పాఠ్యపుస్తకంలో దొరకదు. దానికి భౌతికశాస్త్రం కొంత, రసాయనశాస్త్రం కొంత, కమ్మరివాని నేర్పు కొంత కావలె.

ఇట్టి చెరువులో తిరగదగిన పన్నెండడుగుల అల్యూమినియం పడవ ఒకటి ఉన్నదనుకొందాం. దాని అడుగు, ప్రక్కలు పలుచని రేకులతో చేసినవి. రేకును రేకుతోను, రేకును లోపలి పక్కటెముకలతోను కలిపి ఉంచినవి కొన్ని వందల రివెట్లు. చాలా ఏండ్లు వాడిన తరువాత, ఉదయం పొడిగా ఉన్న పడవలో సాయంత్రానికి నీరు చేరుతున్నది. రేకుకు ఎక్కడా చిల్లు లేదు. నీరు రివెట్ల చుట్టునుండి వస్తున్నది.

ఈ నీరు ఎంత? ఒక రివెట్టు పూర్తిగా ఊడిపోయి, 5 మిల్లీమీటర్ల బెజ్జం మిగిలినదనుకొందాం. అది నీటిమట్టానికి 20 సెంటీమీటర్లు క్రింద ఉన్నది. టారిసెల్లి సూత్రం ప్రకారం లోపలికి చిమ్మే నీటి వేగం, అంత ఎత్తునుండి పడే రాయి వేగంతో సమానం. 20 సెంటీమీటర్లకు లెక్క కడితే సెకనుకు సుమారు 2 మీటర్లు వస్తుంది. బెజ్జం వైశాల్యం సుమారు 20 చదరపు మిల్లీమీటర్లు. ధార బెజ్జం దాటగానే కొంత సన్నబడుతుంది గనుక లెక్కకు వచ్చినదానిలో పదింట ఆరు వంతులే తీసికొనవలె. ఆ విధంగా సెకనుకు 24 మిల్లీలీటర్లు, నిమిషానికి దాదాపు లీటరున్నర, గంటకు 85 లీటర్లు! చిటికెనవ్రేలు కూడా దూరని బెజ్జంలోనుండి గంటలో ఒక పెద్దమనిషి బరువుకు మించిన నీరు పడవ ఎక్కుతున్నదన్నమాట.

బరువు ఒక్కటే ఐతే అంత ప్రమాదం లేదు. మనిషి పడవలో కుదురుగా కూర్చుంటాడు, నీరు కూర్చోదు. పడవ ఎటు ఒరిగితే నీరంతా అటే పరుగెత్తి, ఆ ఒరుగుదలను ఇంకా పెంచుతుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి రెండు చేతులా పట్టుకొని నడిచి చూచినవారికి ఈ సంగతి తెలుస్తుంది. బరువుగల పడవకంటె, అడుగున నీరు ఆడుతున్న పడవ త్వరగా బోల్తాపడుతుంది. కాబట్టి ఒక రివెట్టు వదులు కావటం చూడటానికి చిన్న సంగతైనా, అందులో కూర్చున్నవారికి చిన్నది కాదు.

రివెట్టు పట్టు ఎక్కడ ఉన్నది

రివెట్టు మనకు కొత్త వస్తువు కాదు. ఇంట్లో సత్తు డేగిసా చెవులను, బకెట్టు చెవులను గిన్నెతో కలిపి ఉంచినవి రివెట్లే. డేగిసా చెవి కొంతకాలానికి కదలటం, కదిలిన చోటనుండి చారు కారటం చూడని ఇల్లు లేదు. పడవకు వచ్చిన జబ్బు కూడా అదే.

ఒకవైపు తల ఉన్న పొట్టి లోహపు కడ్డీని రెండు రేకుల బెజ్జాలలో దూర్చి, తలకు బరువైన ఇనుప దిమ్మె ఆనించి, రెండవ కొసను కొడతారు. దెబ్బకు కడ్డీ పొట్టిదై లావెక్కుతుంది. ముందు బెజ్జం నిండా పొంగుతుంది; తరువాత బయట మిగిలిన కొస చదునై రెండవ తల అవుతుంది. ఈ రెండూ వేరువేరు పనులు. రెండు తలలూ రేకులను బిగించి పట్టుకొంటాయి. లోపల పొంగిన కడ్డీ రేకులను ప్రక్కలకు జారనీయదు. నీటిని ఆపేదీ చాలవరకు ఈ పొంగిన కడ్డీయే. తల ఎంత అందంగా ఉన్నా, లోపల కడ్డీ బెజ్జాన్ని నింపకపోతే ఆ రివెట్టు కారక మానదు.

ఉక్కు వంతెనల రివెట్ల తీరు వేరు. రాజమహేంద్రవరం వద్ద గోదావరిమీద 1900లో ప్రారంభమై 1997 వరకు రైళ్ళు నడిచిన హేవ్‌లాక్ వంతెన కాలంలో రివెట్లను ఎర్రగా కాల్చి కొట్టేవారు. 10 సెంటీమీటర్ల ఉక్కు కడ్డీ 800 డిగ్రీలు చల్లారితే దాదాపు ఒక మిల్లీమీటరు కుంచించుకుపోవలె. రెండు తలల మధ్య ఉన్న పలకలు దానిని కుంచించుకుపోనీయవు. ఆ పెనుగులాటే పలకలను గట్టిగా అదిమి పట్టుతుంది. అల్యూమినియం రివెట్టును చల్లగానే కొడతారు గనుక దానికి ఈ బిగింపు లాభం తక్కువ. దాని బలమంతా బెజ్జం నిండటంలో ఉన్నది. బెజ్జం కొంచెం సాగితే చాలు, దాని పని చెడినట్లే.

మరి ఇంత చిక్కుపడటం ఎందుకు, వెల్డింగు చేస్తే పోదా అని విద్యార్థులు అడుగుతారు. గాలి తగిలిన మరుక్షణం అల్యూమినియం మీద ఆక్సైడు పొర ఏర్పడుతుంది. కంటికి కనబడని ఈ పొరే ఆ లోహాన్ని తుప్పునుండి కాపాడుతున్నది. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. దానిమీది పొర కరగటానికి 2,000 డిగ్రీలు దాటవలె. పొర కరిగేలోగా లోపలి పలుచని రేకు నీరై కారిపోతుంది. జడవాయువుల నీడలో విద్యుత్ చాపంతో ఈ చిక్కును దాటే పద్ధతులు ఉన్నవి, వాటితో కట్టిన దళసరి పడవలూ ఉన్నవి. ఐతే సాగదీసి, గట్టిపరచి తయారుచేసిన పలుచని రేకు వేడికి మెత్తబడి, ఆ మేరకు బలం పోగొట్టుకొంటుంది. రివెట్టుకు వేడితో పని లేదు. పలుచని రేకుల పడవలలో దానికి ఇప్పటికీ స్థానముండటానికి కారణం ఇదే.

విమానంనుండి పడవకు

అల్యూమినియం పడవ పుట్టిల్లు విమానశాల. అమెరికాలో యుద్ధవిమానాలు కట్టిన గ్రమ్మన్ సంస్థ 1945లో, యుద్ధం ముగిసే రోజులలో, అవే రేకులతో అవే రివెట్లతో చిన్న పడవలు కట్టనారంభించినది. యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానికదళంవారి కాటలీనా విమానాలు మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ చెరువులో దిగేవి. అవి ఎగిరే అల్యూమినియం పడవలే. నీటిమీద గట్టిగా దిగినపుడు అడుగున రివెట్లు ఎగిరిపోయేవి. అటువంటప్పుడు కాటలీనా సిబ్బంది ఆ బెజ్జాలలో పెన్సిలు ముక్కలు దిగగొట్టి నీటిని ఆపుకొన్న సందర్భాలు ఉన్నవి. కొయ్య తడిసి ఉబ్బి బెజ్జాన్ని నింపుతుంది. ఉపాయం తాత్కాలికమే కాని, దానిలోని సూత్రం రివెట్టుదే.

హైదరాబాదుకు కూడా రివెట్టు కొట్టిన అల్యూమినియంతో పాత పరిచయం ఉన్నది. బేగంపేటనుండి దక్కన్ ఎయిర్వేస్ నడిపిన డకోటా విమానాలు ఆ విధంగా కట్టినవే. ఆ సంస్థ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినది. నగరానికి ఆగ్నేయాన ఆదిభట్లలో టాటా బోయింగ్ కర్మాగారంనుండి 2018లో మొదటి అపాచీ హెలికాప్టరు మొండెం వెలువడినది. శంషాబాదు విమానాశ్రయం ప్రక్కనున్న మరమ్మతు శాలలలో విమానాలను పరీక్షించేవారు వెదికే గుర్తులలో ఒకటి వదులైన రివెట్టు. చెరువులో పడవ సరంగు వెదకవలసినదీ అదే.

ఎందుకు వదులవుతుంది

పడవ ముందుకు పోతున్నపుడు ప్రతి అలా అడుగురేకును ఒక చరుపు చరుస్తుంది. రేకు లోపలికి వంగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది. పక్కటెముక వంగదు. వంగే రేకుకూ వంగని ఎముకకూ నడుమ చిక్కి నలిగేది రివెట్టు. ఉక్కుకు ఒక సుగుణం ఉన్నది: ఒక హద్దుకు లోబడిన బరువు ఎన్ని కోట్లసార్లు పడినా సాధారణంగా అది అలసిపోదు. అల్యూమినియానికి అటువంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న బరువైనా తగినన్నిసార్లు పడితే చివరకు అలసట కనబరుస్తుంది. దీనికితోడు పడవను ఒడ్డుకు ఈడ్చేటప్పుడు రాళ్ళమీద రాపిడి, లారీమీద తరలించేటప్పుడు కుదుపు, పైనుండి దూకే పిల్లల బరువు.

మొదట కదలిక వెంట్రుకవాసిలో ఉంటుంది. ఇక్కడ ఒక విచిత్రం జరుగుతుంది. కదిలినపుడల్లా ఆక్సైడు పొర చిట్లి పొడి అవుతుంది, క్రింద బయటపడిన లోహంమీద కొత్త పొర పుడుతుంది, అదీ చిట్లుతుంది. ఈ పొడి సామాన్యమైనది కాదు. అల్యూమినియం ఆక్సైడు స్ఫటికరూపమే కురువిందం. ఖమ్మం ప్రాంతంలో దొరికేదీ, గరుకు కాగితానికి అంటించేదీ, వజ్రం తరువాత వజ్రమంతటిదీ అదే. అంటే రివెట్టు తన బెజ్జంలో తానే సానపొడి తయారుచేసికొని, తనను తానే అరగదీసికొంటున్నదన్నమాట. గుండ్రని బెజ్జం కోలగా మారుతుంది. కదలిక ఎక్కువైనకొద్దీ పొడి, పొడి ఎక్కువైనకొద్దీ కదలిక.

ఈ పొడి నలుపు కలిసిన బూడిదరంగులో రివెట్టు తల చుట్టూ మరకవలె కనబడుతుంది. విమానంమీద ఐతే అది గాలివాటున వెనుకకు సాగి పొగతోకవలె ఉంటుంది. అందుకే విమానశాలలవారు దానిని పొగవిడిచే రివెట్టు అంటారు. పడవను కడిగి తుడిచి మెరుగుపెట్టేముందు ఈ మరకలను చూచుకొనటం మంచిది. మరకతోపాటు ఆచూకీ కూడా చెరిగిపోతుంది.

ఒక రివెట్టు వదులైతే దాని వంతు బరువు ప్రక్కవాటిమీద పడుతుంది. అవి మరింత త్వరగా వదులవుతాయి. ఈ వరుస ఎంత దూరం పోగలదో 1988 ఏప్రిల్ 28న హవాయి దీవులమీద తెలిసినది. అలోహా ఎయిర్‌లైన్సు వారి బోయింగ్ 737 విమానం పై కప్పులో సుమారు 18 అడుగుల భాగం ఆకాశంలోనే ఊడిపోయినది. విమానం దిగగలిగినది కాని సిబ్బందిలో ఒకరు మరణించారు. రేకుల అతుకులో వాడిన జిగురు చెడి, బరువంతా రివెట్లమీద పడినదనీ, వరుసగా ఉన్న రివెట్టు బెజ్జాల అంచుల నుండి సన్నని పగుళ్ళు బయలుదేరి ఒకదానితో ఒకటి కలిసినవనీ విచారణలో తేలినది. అప్పటికి ఆ విమానం 89 వేలకు పైగా ఎగుళ్ళు ఎగిరినది. ఎగిరినపుడల్లా లోపలి గాలిపీడనానికి దాని దేహం ఉబ్బి తగ్గేది. పడవ అడుగుకు అలలు చేసేదీ ఇటువంటి పనే. అందుచేత రివెట్టు వద్ద మరక చూచినవారు, దాని బెజ్జం అంచునుండి గీతవంటి పగులు ఏదైనా బయలుదేరినదా అని భూతద్దంతో తప్పక చూడవలె. పగులు ఉన్నచోట రివెట్టు మార్చి లాభం లేదు. ఆ రేకుకే మాటు వేయవలె.

కారే చోటును పట్టుకొనటం

పడవ నీటిలో ఉన్నపుడు లోపలినుండి వెదికితే కారే చోటు దొరకటం కష్టం. నీరు పక్కటెముక వెంబడి పారి, పుట్టినచోట కాక ఇంకొకచోట కనబడుతుంది. తేలికైన మార్గం దీనికి తలక్రిందులు. పడవను ఒడ్డున దిమ్మెలమీద ఎత్తి నిలిపి, లోపల నీరు పోసి, బయట అడుగున ఎక్కడ చెమ్మ పుడుతున్నదో చూడవలె. పోసే నీరు జాన లోతుకు మించరాదు. ఘనమీటరు నీరు ఒక టన్ను బరువు. నీటిలో తేలేటప్పుడు అడుగురేకును బయటి నీరు మోస్తుంది. ఒడ్డున మోసేవి ఆ నాలుగు దిమ్మెలే. నిండా పోస్తే కొత్త రివెట్లు కూడా వదులవుతాయి. దిమ్మెలను పక్కటెముకల క్రిందనే పెట్టవలె.

చుక్క కనబడిన ప్రతిచోటా సుద్దతో గుర్తుపెట్టవలె. ధార కడుతున్నచోట రెండు సున్నలు, చెమర్చేచోట ఒకటి. తరువాత నీరు పారబోసి, ఆరిన పిమ్మట ఇద్దరు మనుషులు ఒక్కొక్క గుర్తు వద్ద పరీక్ష చేయవలె. ఒకరు లోపలి కొసమీద చిన్న సుత్తితో మెల్లగా తట్టుతుంటే, ఇంకొకరు బయటి తలమీద, రేకుమీద కలిసేటట్లు వ్రేలికొస ఆనిస్తారు. తలకూ రేకుకూ మధ్య కదలిక ఉంటే వ్రేలికి వెంటనే తెలుస్తుంది. ఈ పనిలో యంత్రంకంటె వ్రేలికొస నమ్మకమైనది.

తిరిగి బిగించటం

బెజ్జం ఇంకా కోలగా మారకపోతే పాత రివెట్టునే మళ్ళీ కొట్టి బిగించవచ్చు. దీనికి ఇద్దరు కావలె. బయట ఒకరు బరువైన ఇనుప దిమ్మెను రివెట్టు తలకు ఆనించి పట్టుకొంటారు. తల గుండ్రనిదైతే దిమ్మెలో అదే ఆకారపు గుంట ఉండవలె, లేకపోతే తల చదునైపోతుంది. లోపలివారు కొసమీద రెండు మూడు గట్టి దెబ్బలు వేస్తారు.

ఇక్కడ దిమ్మె చేసే పని చాలామందికి అర్థం కాదు. అది కేవలం ఆధారమనుకొని, చేతికి దొరికిన ఇనుపముక్కను అడ్డుపెడతారు. అప్పుడు దెబ్బకు రివెట్టు, రేకు, ముక్క అన్నీ కలిసి ఎగిరిపడతాయి. సుత్తి శక్తి ఆ ఎగరటంలో ఖర్చవుతుంది. రివెట్టు మాత్రం లావెక్కదు, రేకుమాత్రం సొట్టపడుతుంది. బరువైన దిమ్మె జడత్వంవల్ల కదలదు. దెబ్బ తగిలి ఉండే ఆ సెకనులో స్వల్పభాగంలో అది దాదాపు గోడవలె నిలుస్తుంది. శక్తి అంతా రివెట్టును నలగగొట్టటానికే పోతుంది. ఊగే కంచె బద్దకు మేకు కొట్టేవాడు వెనుక ఒక రాయి పట్టుకోమంటాడు. అతడు న్యూటను సూత్రాలు చదువలేదు కాని, వాటిని వాడుకొంటున్నాడు. దిమ్మె సుత్తికంటె బాగా బరువుగా ఉండటం మేలు. చిన్న దెబ్బలు పది వేయటంకంటె గట్టి దెబ్బలు రెండు వేయటం నయం. చిన్న దెబ్బలకు కొస మాత్రమే పుట్టగొడుగువలె విచ్చుకొంటుంది, కడ్డీ బెజ్జంలో పొంగదు.

రెండు మూడు దెబ్బలకు బిగియని రివెట్టును ఇంకా కొట్టటం వ్యర్థమే కాదు, హాని కూడా. తీగెను ఒకే చోట పలుమార్లు వంచి చూడండి. మొదట సులువుగా వంగుతుంది, తరువాత గట్టిపడుతుంది, ఆ పైన పుటుక్కున తెగుతుంది. లోహంలోని స్ఫటికాలలో అణువుల వరుసలు తప్పిన చోట్లు కొన్ని ఉంటాయి. ఆ తప్పులు జరగటంవల్లనే లోహం వంగుతుంది, సాగుతుంది. దెబ్బలు పడుతున్నకొద్దీ తప్పులు లెక్కకు మించి పెరిగి, ఇరుకు బజారులో బండ్లవలె ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఇక జరగటానికి చోటుండదు. అట్టి రివెట్టు పొంగటానికి బదులు పగులుతుంది. ఒకటి రెండుసార్లు బిగించిన రివెట్టు మళ్ళీ వదులైనదంటే దాని ఆయువు తీరినట్లే.

గట్టిపడటం మాట వచ్చినది గనుక, విమానపు రివెట్ల వింత ఒకటి చెప్పుకొనవచ్చు. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే లోహశాస్త్రజ్ఞుడు కొంచెం రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని కాల్చి నీటిలో ముంచి, గట్టిదనం కొలిచి చూచాడు. కొన్ని రోజుల తరువాత అదే ముక్కను కొలిస్తే, ఎవరూ ఏమీ చేయకుండానే, అది మరింత గట్టిపడి ఉన్నది. డ్యూరాలుమిన్ అన్న పేరుతో విమానయుగానికి ఊపిరిపోసిన లోహం ఇదే. రాగి అణువులు మెల్లగా గుంపులు కట్టి తప్పుల కదలికకు అడ్డుపడటమే దీనికి కారణమని 1938లో గినియే, ప్రెస్టన్ వేరువేరుగా కిరణపరీక్షలతో చూపారు. ఈ జాతికి చెందిన కొన్ని రివెట్లను కాల్చి ముంచిన వెంటనే, మెత్తగా ఉన్నపుడే కొట్టవలె. ఆలస్యమైతే అవి గట్టిపడి మాట వినవు. అందుచేత విమానశాలల్లో వాటిని అతిశీతల పెట్టెల్లో దాచి, కావలసినపుడు కావలసినన్నే తీస్తారు. చలికి అణువుల కదలిక మందగించి, గుంపు కట్టటం వాయిదాపడుతుంది. పిండి పులియకుండా చల్లని పెట్టెలో పెట్టే గృహిణి చేసే పని కూడా దాదాపు ఇటువంటిదే. పడవకు ఈ రాగి కలిసిన రకం పనికిరాదు, నీటిలో త్వరగా తినిపోతుంది. మెగ్నీషియం మాత్రం కలిసిన రకమే పడవకు తగినది. దానికి శీతలపెట్టె అక్కరలేదు.

కొత్త రివెట్టు

పాత రివెట్టును తీయటంలో తొందర కూడదు. తల నడుమ గుర్తుగుంట కొట్టి, కడ్డీ లావే ఉన్న బరమాతో తల మందం మేరకే తొలిచి, తలను ఎగరగొట్టి, కడ్డీని మొద్దుకొస ఉలితో మెల్లగా వెనుకకు దించవలె. బరమా లోతుగా పోయి రేకును తాకితే బెజ్జం పెద్దదవుతుంది. బెజ్జం అంచున లేచిన గరుకును ఆకురాయితో తీసివేయకపోతే కొత్త రివెట్టు తల రేకుమీద సరిగా కూర్చోదు. రెండు రేకుల మధ్య చిక్కిన పొడి, మట్టి కడిగి ఆరబెట్టవలె. బెజ్జం కోలగా ఉంటే తరువాతి లావు రివెట్టుకు సరిపడేటట్లు గుండ్రంగా తొలుచుకొనవలె. రేకు అంచుకు బెజ్జం నడుమకు ఉన్న దూరం రివెట్టు లావుకు రెండింతలకు తగ్గితే ఆ రేకు చిరుగుతుంది. అప్పుడు లోపల మాటురేకు ఒకటి వేయటం తప్పదు.

రివెట్టు ఎంత పొడవుండవలె? రేకుల మందం పోగా, కడ్డీ లావుకు ఒకటిన్నర రెట్లు బయటకు మిగలవలె అని పనివారి లెక్క. కొట్టిన తరువాత కొత్త తల వెడల్పు లావుకు ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండవలె. ఈ లెక్కను తరగతిలో సరిచూడవచ్చు. కొట్టినంతమాత్రాన లోహం ఘనపరిమాణం మారదు. లావును 1 అనుకొంటే బయట మిగిలిన కొస ఘనపరిమాణం 1.18, తల ఘనపరిమాణం 0.88. అనగా నాలుగింట మూడు వంతులు తలగా మారినది. మిగిలిన వంతు ఎక్కడికి పోయినది? కొంత బెజ్జంలోని సందు నింపటానికి, కొంత తల ప్రక్కలు ఉబ్బటానికి. కొస చాలకపోతే ముందుగా లోటుపడేది బెజ్జం లోపలే, అదీ కంటికి కనబడనిచోట. మరీ పొడవైతే కొస నిలబడక ప్రక్కకు ఒరిగి వంకర తల వస్తుంది.

సికింద్రాబాదు రాణీగంజ్ దుకాణాల్లో ఎవరైనా అల్యూమినియం రివెట్టు అడిగితే మొదట చేతిలో పెట్టేది గొట్టపు రివెట్టు. ఒకవైపునుండే మేకును లాగి బిగించే ఈ పాప్ రివెట్టు కిటికీ చట్రాలకు, బోర్డులకు ఎంతో సదుపాయం. హైటెక్ సిటీ కార్యాలయాల అలంకరణ పనుల్లో దీనిని వాడని రోజుండదు. కాని దాని నడుమ బోలు. పడవ అడుగున వేస్తే ఆ బోలునుండే నీరు రావచ్చు. పైగా దాని మేకు చాలాసార్లు ఉక్కుది. వెనుకకొస మూసుకొని ఉండే రకం కూడా దొరుకుతుంది. చేయి దూరని మూలల్లో అది పనికివస్తుంది. చేయి దూరేచోట గట్టి రివెట్టుకు సాటి లేదు.

అన్నిటికంటె ఎక్కువగా జరిగే పొరపాటు ఊడిన రివెట్టు స్థానంలో ఇనుప బోల్టు, ఇంకా ఘోరంగా ఇత్తడి మరమేకు బిగించటం. రెండు వేరు లోహాలు తాకుతూ, లవణాలు కరిగిన నీటిలో ఉంటే అది విద్యుద్ఘటమే. అల్యూమినియం ఎలక్ట్రానులను విడిచి, అయానులుగా నీటిలోనికి పోతుంది. ఇనుము గాని రాగి గాని చెక్కుచెదరదు. నగరపు చెరువులలోకి మురుగు చేరినకొద్దీ నీటిలో కరిగిన లవణాలు ఎక్కువై, విద్యుత్తు సులువుగా పారుతుంది. ఇక్కడ వైశాల్యాల లెక్క కూడా ఉన్నది. పెద్ద అల్యూమినియం రేకులో చిన్న ఉక్కు బోల్టు ఉంటే నష్టం బోల్టు చుట్టూ మెల్లగా సాగుతుంది. పెద్ద ఉక్కు పలకలో చిన్న అల్యూమినియం రివెట్టు ఉంటే అంతటి పలక దాహానికి ఈ చిన్న రివెట్టే ఆహుతి, కొద్దికాలంలోనే మాయమవుతుంది. పడవ అడుగున జారిపడి తడిలో మరచిపోయిన రాగి నాణెం కూడా తనక్రింద రేకును తినివేయగలదు. నాచు పట్టకుండా రాగి కలిపి అమ్మే రంగులు అల్యూమినియం పడవకు వేయరాదు.

ఇక పూతలు. బెజ్జంలోను, తలక్రిందను కొంచెం సాగుడు పూత రాసి రివెట్టు కొట్టటం మంచి పద్ధతి. పాలీయురేతేను రకాలు ఇందుకు తగినవి. వెనిగరు వాసన వేసే సిలికోను పూత ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని విడుస్తుంది. లోహానికి అది మంచిది కాదు. వదులైన రివెట్టును అట్లాగే ఉంచి, లోపలినుండి పూత మెత్తి పని అయిపోయినదనుకొనటం చాలాచోట్ల వాడుక. కారటం ఆగుతుంది నిజమే. కాని క్రింద కదలిక ఆగదు, సానపొడి పుట్టటం ఆగదు, మరక మాత్రం పూతక్రింద దాగిపోతుంది. కారే రివెట్టు తన జబ్బు తానే చెప్పుకొంటుంది. పూతక్రింద రివెట్టు ఊడిపోయే రోజువరకు చెప్పదు. చెరువు నడుమ అత్యవసరంలో పెన్సిలు ముక్కకు ఉన్న విలువే ఈ పూతకూ ఉన్నది.

మరమ్మతు ముగిసిన తరువాత పడవను మళ్ళీ దిమ్మెలమీద పెట్టి, మొదటిసారి పోసినంత నీరే పోసి, ఒక రాత్రి ఉంచవలె. పాత సుద్దగుర్తులను అప్పటిదాకా చెరపకుండా ఉంచితే, కొత్తగా చెమర్చేవి బిగించినవేనా, వాటి ప్రక్కవా అన్నది తెలుస్తుంది. తరచు ప్రక్కవే కారతాయి. ఎప్పటినుండో వదులుగా ఉండి, పొరుగు రివెట్టు నుండి ధార కడుతున్నంతకాలం కంటికి ఆననివి అవి. వాటినీ అదే పద్ధతిన బిగించి, ఇంకొక రాత్రి నీరు నిలిపి చూచి, తెల్లవారి అడుగు పొడిగా ఉంటే పడవను నీటిలోకి దింపవచ్చు. మొదటి నెలలో వారానికొకసారి అడుగుపలకలు ఎత్తి, రివెట్ల చుట్టూ బూడిదరంగు మరక మళ్ళీ పుట్టినదేమో చూస్తుండవలె.